వలస ఎవరిది? – ‘కాలనీ’ మాట చుట్టూ కొన్ని ప్రశ్నలు

1

ఎనిమిదో తరగతికి తెలుగు పాఠం చెబుతున్నాను. స్వాతంత్ర్యోద్యమ కాలం నాటి పద్యం. పద్యంలోకి వెళ్ళేముందు ఆనాటి పరిస్థితులు చెప్పడం ఆనవాయితీ కనుక, ‘వలస పాలకులు మన సంపదను కొల్లగొట్టారు’ అని నల్లబల్ల మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. వాడి తల్లిదండ్రులు దేవరకొండ వైపు నుంచి వచ్చి, ఎల్.బి. నగర్ చుట్టుపక్కల లేస్తున్న ఇళ్ళ దగ్గర ఇటుకలు మోస్తారు. ఇల్లు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే కాపురం. పూర్తయి, ఓనరు పాలు పొంగించే రోజున ఆ కుటుంబం మూటముల్లె సర్దుకుని ఇంకో పునాది దగ్గరికి పోతుంది.

“సార్, మా అమ్మ నాయిన గూడ వలసొచ్చినోళ్ళే గద. మరి వాళ్ళేం కొల్లగొట్టిండ్రు సార్?” అని అడిగాడు.

తరగతి గొల్లున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎం.ఏ. తెలుగు చదివి, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు మాటల అర్థాలు చెబుతున్నవాణ్ణి, జవాబూ రాలేదు. “అది వేరు, ఇది వేరు, కూర్చో” అన్నాను. పంతుళ్ళకు జవాబు తెలియనప్పుడు నోటికొచ్చే మాట అదే.

అది వేరయితే, మాట ఒకటే ఎందుకయింది? దోచుకోవడానికి ఓడలెక్కి వచ్చినవాడికీ, దోపిడీకి గురై ఊరు విడిచినవాడికీ మన భాష ఒకే పేరు ఎలా పెట్టింది? ఆ పేరును ప్రగతిశీల విమర్శకులమైన మనమే ఎందుకు ఎక్కువగా వాడుతున్నాం? ఆ పిల్లవాడికి ఆ రోజు చెప్పవలసిన జవాబును ఇక్కడ వెతకడానికి ప్రయత్నిస్తాను. మూలం ఒక ఇంగ్లీషు మాటలో ఉంది. ఆ మాట ‘కాలనీ’.

2

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా నడిచే మనిషికి ‘కాలనీ’ అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. పి అండ్ టి కాలనీ, టెలిఫోన్ కాలనీ, హుడా కాలనీ, ఇంకాస్త ముందుకుపోతే వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీ. పేర్లే చరిత్ర చెబుతున్నాయి. నెలజీతగాళ్ళు సంఘాలుగా కూడి, ప్లాట్లు కొనుక్కుని, కిస్తుల మీద ఇళ్ళు కట్టుకున్న చోట్లు ఇవి. ఇక్కడ పరిచయమైన ప్రతివాడూ పేరు తర్వాత అడిగే ప్రశ్న “మీది ఏ కాలనీ?” అని. ఆ ప్రశ్నలో ఒక గౌరవం ఉంది. కాలనీ అంటే కమాను ఉంటుంది, సంక్షేమ సంఘం ఉంటుంది, వినాయక మండపానికి చందా పుస్తకం ఉంటుంది. కాలనీకి ఎదురుమాట బస్తీ. కాలనీలో ఉన్నవాడు బస్తీవాడు కాడు. ఆ మాట విలువలో సగం అదే.

ఇదే మాటను ఇబ్రహీంపట్నం దాటి ఏ పల్లెకైనా తీసుకుపోండి. అక్కడ ‘కాలనీ’ అంటే ఊరికి ఎడంగా సర్కారు కట్టించిన ఇళ్ళ వరస. ఎస్సీ కాలనీ, ఇందిరమ్మ కాలనీ. ఊళ్ళో పెద్ద కులాలవాళ్ళు “కాలనోళ్ళు” అన్నప్పుడు ఆ గొంతులో పడే ఎడం వేరే. కొత్తగా బడిలో చేరిన ఒక పల్లె కుర్రాణ్ణి “ఊళ్ళో మీ ఇల్లెక్కడరా?” అంటే, “కాలనీల సార్” అని గొంతు తగ్గించి చెప్పాడు. పక్కనున్న చైతన్యపురి పిల్లలకు వాడెందుకు తలదించుకున్నాడో అర్థం కాలేదు. వాళ్ళకు అది తలెత్తి చెప్పుకునే మాట. వెలివాడను సిమెంటుతో కట్టి ఇంగ్లీషు పేరు పెట్టినంత మాత్రాన వెలి పోదు. పేరే వెలి అర్థాన్ని తెచ్చుకుంటుంది.

ఇంకొక మెట్టు కూడా ఉంది. సైదాబాద్ వైపు సింగరేణి కాలనీ ఉంది. పేరు బొగ్గుగనుల సంస్థది. కాని ఆ పేరు చెప్పగానే నగరంలో చాలామందికి గుర్తొచ్చేది దాని పక్కన పుట్టిన గుడిసెలు. ఒకే పేరు కింద పక్కా ఇల్లూ గుడిసే రెండూ ఉంటే, పోలీసు జీపు పేరు ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా?

ఈ కాలనీల నడుమ మెట్రో రైలు 2018 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. చైతన్యపురి దాటాక, ఎల్.బి. నగర్‌కు ముందు ఒక స్టేషను ఉంది: విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో బ్రిటిషు రాణి పేరు మీద పెట్టిన అనాథాశ్రమం వల్ల వచ్చిన పేరది. సగం ప్రపంచాన్ని కాలనీలుగా పాలించిన రాణి పేరు కాలనీల మధ్య స్టేషనయి నిలిచింది. రోజూ వేలమంది ఆ పేరు వింటూ దిగుతారు, ఎక్కుతారు. ఆ కాలనీకీ ఈ కాలనీకీ సంబంధం ఏమిటని ఎవరికీ తట్టదు. తట్టనివ్వని పని చేస్తున్నది భాష.

3

మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘కొలెరె’ అంటే దున్నడం, నివసించడం. దున్నేవాడు ‘కొలోనుస్’. వాడు స్థిరపడిన చోటు ‘కొలోనియా’. ఇంతవరకు ఇది రైతు మాట. సంస్కృతికి ఇంగ్లీషువాళ్ళు వాడే ‘కల్చర్’ కూడా ఈ దుక్కిలోంచే మొలిచింది. అయితే రోమన్లు ‘కొలోనియా’ అన్నది ఏ నేలను? జయించిన నేలను. యుద్ధంలో గెలిచిన భూమిని తమ పౌరులకూ, సైన్యంలో కొలువు ముగించిన సిపాయిలకూ పంచి, అక్కడ ఊరు నిలబెడితే అది కొలోనియా. ఆ నేలను అంతకుముందు దున్నుతున్నవాడు ఏమయ్యాడన్నది ఆ మాటలో లేదు. నాగలి కనిపిస్తుంది, కత్తి కనిపించదు. ‘కాలనీ’ మాటలోని మొదటి మోసం ఇదే. ఆక్రమణకు సేద్యం ముసుగు వేసింది.

ఈ రెండర్థాల పేచీ మార్క్స్ దృష్టిని దాటిపోలేదు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం చివరి అధ్యాయం కాలనీల గురించే. స్వేచ్ఛగా వచ్చినవాళ్ళు స్థిరపడిన కొత్త నేలలే అసలు కాలనీలనీ, తాను అక్కడ మాట్లాడుతున్నది వాటి గురించేననీ ఆయన అడుగున ఒక వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. పీల్ అనే పెట్టుబడిదారుడి కథ ఆ అధ్యాయంలోదే. యాభై వేల పౌండ్ల విలువైన సరంజామా, మూడు వేల మంది శ్రామిక జనం వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా పడమటి తీరానికి చేరాడు. తీరా చేరాక పడక వేసేందుకు ఒక్క పనిమనిషి మిగలలేదు. పక్కన ఖాళీ నేల ఉండగా కూలికి ఎవడు నిలుస్తాడు? పెట్టుబడి అంటే వస్తువు కాదు, మనుషుల మధ్య సంబంధం అని మార్క్స్ దీంతో రుజువు చేశాడు. మనకు కావలసిన పాఠం ఇంకొకటి కూడా ఇందులో ఉంది. ఒకే కాలనీకి పీల్ వచ్చాడు, మూడు వేల మందీ వచ్చారు. అందరూ వలస వచ్చినవాళ్ళే. వాళ్ళందరినీ ఒక మాటతో పిలిస్తే ఆ కథలో ఏమీ మిగలదు.

4

ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంత తిరిగే అలవాటు నాకుంది. ఒకసారి అట్ట ఊడిన ఇంగ్లీషు–టర్కిష్ నిఘంటువు దొరికింది. తుర్కుల భాషతో మనకేం పని అనిపించవచ్చు. హైదరాబాదుకు ఆ భాషతో పని తక్కువేమీ కాదు. ‘ఉర్దూ’ అన్న మాటే తుర్కీ ‘ఒర్దు’ నుంచి వచ్చింది. ఒర్దు అంటే సైన్యం. 1931లో ఏడో నిజాం కొడుకులిద్దరూ ఉస్మానియా రాజవంశపు ఆడపడుచులను పెళ్ళాడారు. వాళ్ళలో ఒకరి పేరు మీదిదే నీలోఫర్ ఆసుపత్రి. బిడ్డకు జ్వరమొస్తే మన ప్రాంతపు పేద తల్లి పరుగెత్తేది అక్కడికే. రాజులు చుట్టరికాలు కలుపుకున్నారు. మనం మాటల చుట్టరికం కలుపుకుందాం.

ఆ నిఘంటువులో ‘కాలనీ’ తెరిచాను. ఒక్క మాటకు ఎదురుగా ఒక్క మాట లేదు. చీమల కాలనీ, సూక్ష్మజీవుల కాలనీ అయితే ‘కొలొని’. ఒక దేశం కింద పడి నలిగే దేశమయితే ‘సొముర్గె’. రెండు బతుకులకు రెండు మాటలు. మన కాలనీ లాంటి ఇళ్ళ సముదాయానికి వాళ్ళ వాడుకలో ‘సితె’, మామూలు వాడకు ‘మహల్లె’ ఉన్నాయి. ఈ రెండోది మన పాతబస్తీ ‘మొహల్లా’యే.

‘సొముర్గె’ దగ్గర ఆగాను. దాని ధాతువు ‘సొముర్మెక్’. పాత అర్థం ఆబగా జుర్రెయ్యడం, గిన్నె అడుగుదాకా లాగెయ్యడం. తర్వాతి అర్థం దోపిడీ చెయ్యడం. మన ‘సొమ్ము’కూ దానికీ చుట్టరికం లేదు గాని, సొమ్ము పోయినవాడికి గుర్తుండిపోయే మాట. తుర్కీ కూడా తెలుగులాగే ధాతువుకు ప్రత్యయాలు ఒకటొకటిగా అతికించుకుంటూ పోయే భాష. ‘సొముర్’కు ‘గె’ చేర్చితే జుర్రబడే దేశం. దానికి ‘జి’ చేర్చితే జుర్రేవాడు. ఇంకా ‘లిక్’ చేర్చితే జుర్రే విధానం, అంటే మనం ‘వలసవాదం’ అంటున్నది. ఈ మాట నేర్చుకున్న పిల్లవాడు పాఠంలో ఏ ప్రశ్నా అడగనక్కరలేదు. మాటలోనే నేరస్థుడు పట్టుబడ్డాడు.

అయితే తుర్కీలో ఈ మాట ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు అక్కడ చెలామణీలో ఉన్నది అరబ్బీ నుంచి తెచ్చుకున్న ‘ముస్తెమ్లెకె’. ‘స్వాధీనం చేసుకున్నది’ అని అర్థం. దాని మూలాక్షరాల నుంచే మాలిక్, ముల్కు, మన ‘ముల్కీ’ వచ్చాయి. 1928లో తుర్కీ లిపి మారింది. 1932లో భాషా సంస్థ ఏర్పడింది. అరబ్బీ, పారశీక పదాల స్థానంలో దేశి ధాతువుల నుంచి కొత్త మాటలు కూర్చారు. ఆ ఒరవడిలో యజమాని దృష్టితో ఉన్న ‘స్వాధీనం’ వెనక్కిపోయి, బాధితుడి దృష్టితో ఉన్న ‘జుర్రడం’ ముందుకొచ్చింది. ఒకే వాస్తవం, చూసే చోటు మారింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మంచి మాట ఉన్నంత మాత్రాన మంచి చూపు వస్తుందని అనుకోరాదు. శతాబ్దాల పాటు బాల్కన్ జనాలనూ అరబ్బులనూ ఏలిన ఉస్మానియా పాలనను ఆ మాటతో పిలవడానికి తుర్కీ పాలకవర్గం ముందుకు రాలేదు. తమ ఏలుబడిలోనివి ‘విలాయెత్’లు, పరాయివాళ్ళవి సొముర్గెలు. పదును ఉన్న కత్తి కూడా పట్టుకున్న చేతిని బట్టే తెగుతుంది. మాటను పొగుడుతున్నాను గాని, రాజ్యాన్ని కాదు.

5

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ‘వలస’ అచ్చమైన తెలుగు మాట. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో దీనికి చెప్పిన అర్థం గమనించదగింది: శత్రుసేనకు భయపడి ఇల్లూ ఊరూ విడిచిపోవడం. అంటే ‘వలస’ మొదట సైన్యాన్ని చూసి పారిపోయేవాడి మాట. ఆ మాటను మనం వంద ఏళ్ళలో ఆ సైన్యానికే పేరుగా కట్టబెట్టాం! ‘వలస రాజ్యం’, ‘వలస పాలకుడు’, ‘వలసవాదం’.

ఈ మార్పు ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఇంగ్లీషు ‘కాలనీ’కి ‘వెళ్ళి స్థిరపడిన చోటు’ అన్న అర్థం ఉంది. మన ‘వలస’కూ అది లేకపోలేదు. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస, రావివలస ఉన్నాయి. ఎక్కడి నుంచో వచ్చిన జనం పొదలు నరికి, పాకలు వేసి నిలబెట్టిన ఊళ్ళు. అవి ‘కొలోనియా’లే, కత్తి లేని కొలోనియాలు. అనువాదకులు ఈ సామ్యాన్ని చూసి మాటను తగిలించారు. సామ్యం స్థిరపడడంలో ఉంది. దోపిడీలో లేదు. అనువాదం తప్పు కాదు, సగం నిజం. సగం నిజంతోనే చిక్కు.

వేరే దారులు లేక కాదు. జాతీయోద్యమ కాలపు తెలుగులో ‘అధినివేశ ప్రతిపత్తి’ అన్న మాట నడిచింది. హిందీ, బెంగాలీలు ‘ఉపనివేశం’ను నిలుపుకున్నాయి. కన్నడం, మరాఠీ ‘వసాహతు’, ‘వసాహత్’ అన్నాయి. ఉర్దూ ‘నౌ ఆబాదీ’ అంది. ఇవన్నీ స్థిరపడడం చుట్టూ తిరిగే మాటలే. వీటిలోనూ దోపిడీ లేదు. కాని ఒక తేడా ఉంది. మరాఠీవాడికి కూలికి ఊరు విడవడం ‘స్థలాంతరం’, హిందీవాడికి ‘పలాయనం’. పాలకుడికీ కూలివాడికీ ఒకే మాట కలిసిపోలేదు. ఆ కలగాపులగం తెలుగుకే పట్టింది.

సందర్భాన్ని బట్టి అర్థం తెలుస్తుంది కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు అని మిత్రులు అడగవచ్చు. నిఘంటువుకు సందర్భం సరిపోతుంది. చీమల కాలనీని ఎవరూ బ్రిటిషు కాలనీ అనుకోరు. కాని మాటకు అర్థంతో పాటు ఉద్వేగం కూడా ఉంటుంది. అర్థాలు వేరయినా ఉద్వేగం ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి ఒలుకుతుంది. చరిత్రలో ఆ ఒలికింది నెత్తురు.

6

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. నాటల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా దిగిన ఆ జనంలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈ సంఘటనను తెలుగులో చెప్పి చూడండి: ‘వలస పాలకులు ఒక వలస రాజ్యం నుంచి ఇంకో వలస రాజ్యానికి జనాన్ని వలస పంపారు.’ ఒకే మాట నాలుగుసార్లు. మొదటిది దొంగ, రెండోదీ మూడోదీ దొంగిలించిన ఇళ్ళు, నాలుగోది ఇంట్లోంచి ఈడ్చుకుపోయిన మనిషి.

రంగూన్ సంగతి ఇంకా విషాదం. గోదావరి తీరపు కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందువల్ల బర్మాలో మనవాళ్ళకు ‘కోరంగీలు’ అని పేరొచ్చింది. రంగూన్ రేవులో ఓడల సరుకు దించేది వాళ్ళే. 1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు సమ్మె విరచడానికి బర్మా కూలీలను పెట్టుకున్నాయి. ఒప్పందం కుదిరాక తెలుగువాళ్ళను మళ్ళీ తీసుకుని, బర్మావాళ్ళను పొమ్మన్నాయి. పని పోయిన కూలివాడు, పని దొరికిన కూలివాడి మీద పడ్డాడు. రోజుల తరబడి సాగిన ఆ మారణకాండలో వందమందికి పైగా చనిపోయారు. కంపెనీ దొరల ఒంటి మీద గీత పడలేదు. బర్మావాడి కోపం అబద్ధం కాదు. వాడి దేశం నిజంగానే పరాయివాడి చేతిలో ఉంది. కాని ఎవడా పరాయివాడు? వాడి కంటికి దగ్గరగా కనిపించిన వలస మనిషే వలస పాలకుడిగా తోచాడు. ఆ తప్పు తెలుగు మాట వల్ల జరగలేదు. తెలుగు మాటలో ఉన్న గందరగోళమే మనుషుల తలకెక్కితే ఏం జరుగుతుందో అక్కడ చూడవచ్చు.

మన నగరానికీ ఇది తెలియని సంగతి కాదు. 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, ఆ తర్వాత 2014 దాకా నడిచిన తెలంగాణ పోరాటం వెనక ఉన్న ఉద్యోగాల, నీళ్ళ, నిధుల అన్యాయాలు నిజమైనవి. ‘వలస పాలన’ అన్న నినాదం ఆ అన్యాయాలకు పేరు పెట్టింది. పేరు అవసరమైంది కూడా. కాని ఆ నినాదం గోడ మీది నుంచి దిగి మన కాలనీ వీధుల్లోకి వచ్చేసరికి ఏమైంది? వందల ఎకరాలు చుట్టబెట్టిన పెట్టుబడిదారుడి గేటు దాకా అది పోలేదు. రెండు గదుల్లో అద్దెకుంటున్న ప్రైవేటు బడి పంతులు, తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్ముకునే గుంటూరు జిల్లా ఆడమనిషి – వీళ్ళ చెవిలో పడింది. పాలకుడికీ పొట్టకూటివాడికీ రెండు మాటలు ఉంటే ఉద్యమానికి గురి ఇంకా సూటిగా కుదిరేదని నా అభిప్రాయం.

విచిత్రమేమంటే, నిజాం కాలపు 1919 నాటి ముల్కీ నిబంధనలలో కూడా వలసకు ఒక గడువు ఉంది. పదిహేనేళ్ళు ఇక్కడ నివసించి, స్వస్థలానికి తిరిగి పోయే ఉద్దేశం వదులుకున్నానని ప్రమాణం చేస్తే వాడు ముల్కీ అవుతాడు. భూస్వామ్య రాజ్యం ఇచ్చిన గడువును మన భాష ఇవ్వదు. విజయవాడ రోడ్డు మీద ఎల్.బి. నగర్ చౌరస్తాలో దిగి ముప్పై ఏళ్ళయినా, పాలమూరు కూలి ‘వలస కూలీ’యే, కోస్తా గుమాస్తా ‘సెటిలరే’.

7

సాహిత్య విమర్శలో ఈ గందరగోళం ఇంకా హాని చేస్తోంది. ‘వలస సాహిత్యం’ అని ఒక వ్యాసానికి పేరు పెడితే, అది బ్రిటిషు పాలన నాటి సాహిత్యమా, ఊళ్ళు విడిచిన కూలీల కథలా? ‘వలసానంతర’ అన్న విశేషణం ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో జోరుగా నడుస్తోంది. కూలివాడికి వలస తర్వాత ఏముంది? ఇంకో వలసే. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పెట్టినప్పుడు పిల్లలను భుజాన వేసుకుని రహదారుల వెంట నడిచిన జనానికి పత్రికలన్నీ ‘వలస కూలీలు’ అని పేరుపెట్టాయి. వాళ్ళు అప్పుడు నడుస్తున్నది ఇంటికి. ఇంటికి పోయేవాణ్ణి కూడా వలసవాడనే పిలిచాం.

మాటల పంపకంలో వర్గం ఎలా పనిచేస్తుందో చూడండి. విమానమెక్కి అమెరికా పోయినవాడు ‘ప్రవాసి’. వాడు రాసింది ‘ప్రవాస సాహిత్యం’, కొందరికి ‘డయాస్పోరా సాహిత్యం’. కరీంనగర్ నుంచి దుబాయి పోయినవాడు ‘గల్ఫ్ వలస కార్మికుడు’. దేవరకొండ నుంచి ఎల్.బి. నగర్ అడ్డా మీదికి వచ్చినవాడు వట్టి ‘వలస కూలీ’. అడ్డా మీద ‘లేబర్’. ముగ్గురూ చేసింది ఒకే పని: శ్రమను అమ్ముకోవడానికి ఊరు విడవడం. జీతం పెరిగే కొద్దీ సంస్కృతం పెరిగింది, తగ్గే కొద్దీ తెలుగయింది. కాలనీ, బస్తీల తేడా విమర్శలోకి కూడా ఇలా దిగబడింది.

తుర్కీవాళ్ళ అనుభవం ఇక్కడ ఇంకోసారి పనికొస్తుంది. 1961 ఒప్పందంతో తుర్కీ రైతుబిడ్డలు జర్మనీ ఫ్యాక్టరీలకు పోయారు. చాలామంది చేరింది కొలోన్ నగరంలోని ఫోర్డు కార్ల కర్మాగారానికి. ఆ నగరం పేరు రోమన్ల ‘కొలోనియా’యే. ‘కాలనీ’ అనే ఊళ్ళో పరాయి కూలీలు! వాళ్ళ ఇళ్ళలో అతిథి చేతుల్లో పోసే పన్నీరు లాంటి అత్తరునీళ్ళకు పేరు ‘కొలొన్య’. అదీ ఆ ఊరి పేరే. ఇలా ఊరు విడిచిపోయినవాణ్ణి తుర్కీ ‘గుర్బెత్చి’ అంటుంది. ‘గుర్బెత్’ అంటే పరాయిచోటి బతుకు, ఇంటి మీది బెంగ. దాని మూలాక్షరాల నుంచే అరబ్బీలో ‘గరీబ్’ వచ్చింది. అక్కడ దాని అర్థం పరాయివాడు, కొత్తవాడు. అదే మాట ఉర్దూ మీదుగా మన తెలంగాణ తెలుగులోకి వచ్చి ‘గరీబు’ అయింది, పేదవాడయింది. పరాయివాడే పేదవాడని ఏ పండితుడూ నిర్ణయించలేదు. జనం తమ అనుభవంతో ఆ అర్థాన్ని పూర్తిచేశారు. వలస పోయినవాడికి మన దగ్గర ఉన్న నిజమైన పేరు ‘గరీబు’. అందులో పాలకుడు దూరడానికి సందు లేదు.

8

మరి ఏం చెయ్యాలి? కొత్త మాటను కూర్చి మీ మీద రుద్దే ఉద్దేశం నాకు లేదు. అకాడమీలో పుట్టిన మాటలు అకాడమీలోనే పోతాయి. ‘పరాయి పాలన’ అనవచ్చునని కొందరంటారు. వాడుకలో ఉన్న మంచి మాటే. కాని అది పరాయితనాన్నే చూపుతుంది, దోపిడీని కాదు. ఆ కొలతతో తెలంగాణ పల్లెలో వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖ్ ‘మనవాడు’ అవుతాడు. 1946లో ఆయుధం పట్టిన రైతుకు శత్రువు పరాయివాడు కాదు, పక్క గడీలోని సొంత భాషవాడే. సమస్య ఎక్కడి నుంచి వచ్చాడన్నది కాదు, వచ్చి ఏం చేశాడన్నది.

అందుచేత విమర్శకులుగా మనకు మనం పెట్టుకోవలసిన నియమాలు రెండు చాలు. ఒకటి: సామ్రాజ్యవాదాన్ని గురించి రాసేటప్పుడు ఒంటి ‘వలస’ను వాడకుండా, దోపిడీని చెప్పే మాటను దాని పక్కన నిలబెట్టడం. ‘వలస దోపిడీ’ అంటే ఒక మాట పెరుగుతుంది, ఒక అబద్ధం తరుగుతుంది. రెండు: పొట్ట చేతబట్టుకుని వచ్చిన మనిషిని ఏ కోపంలోనైనా ‘వలసవాది’ అనకుండా ఉండడం. ‘వాదం’ ఉండాలంటే పెట్టుబడి ఉండాలి, రాజ్యం ఉండాలి, తుపాకి ఉండాలి. తట్టాపార ఉన్నవాడికి వాదం లేదు, ఆకలి ఉంది.

చిన్న విషయమని కొట్టివేయవద్దు. పాఠ్యపుస్తకంలో ఒక మాట తప్పుగా కూర్చుంటే, తరగతి గదిలో ఒక పిల్లవాడు తన తల్లిదండ్రులను దొంగల వరుసలో చూసుకోవలసి వస్తుంది. నేను చూశాను.

మరుసటి వారం అదే తరగతికి అదే పాఠం మళ్ళీ తీశాను. ‘వలస పాలకులు’ అన్న మాటను నల్లబల్ల మీద రాసి, రెంటినీ విడగొట్టి, మధ్యలో గీత గీశాను. ఒకవైపు రాణీ, ఓడలూ, కంపెనీలూ. ఇంకోవైపు ట్రూరో ఓడలో దిగిన కూలీలు, రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళు. “వీళ్ళ పక్కన ఇంకెవరిని రాయాలి?” అని అడిగాను. నా కళ్ళు వెనక బెంచీ వైపు పోయాయి. అది ఖాళీగా ఉంది. వాడి తల్లిదండ్రులు కడుతున్న ఇల్లు పూర్తయిందట. ఇంకో కాలనీకి పోయారని, ఏ కాలనీయో తెలియదని పక్కవాడు చెప్పాడు.

జవాబు నాకు దొరికింది. ప్రశ్న అడిగినవాడు దొరకలేదు. వాడు ఏ బడిలో ఉన్నా, ఆ పాఠం చెప్పే పంతులు ఈ వ్యాసం చదివిన వాళ్ళలో ఒకరైతే బాగుండునని దీన్ని రాశాను.